కోడెకు తెచ్చిన నీళ్ళు

భరణి కార్తె, పోటీ రోజు

బర్రె ఓడిపోయింది. ఎవరో వచ్చి పళ్ళికిలిస్తూ చెప్పేదాకా ఆగడం ఎందుకని నేనే ముందు రాసేస్తున్నాను.

గాలి గది దినచర్య పుస్తకంలో కార్డు వేడి, కార్డు వేగం, గాలి లేచే వేళ, ఈ మూడే రాయాలని పంచాయతీ నియమం. ఇన్నేళ్ళూ అవే రాశాను. ఈ రోజు నుంచి నాకు తోచిందల్లా రాస్తాను. చదివి ఒళ్ళు మండినవాళ్ళు నేరుగా నా దగ్గరికి రావచ్చు. నా పేరు గోవిందమ్మ. గాలి గది పక్క సొరంగంలోనే ఉంటాను.

పలకరాయి తవ్వి వదిలేసిన పాత గని మా పలకల గుంట, అందులో రెండే కార్డులు మిగిలాయి. పూర్వం జనం కంప్యూటర్లలో ఆటలాడుకోవడానికి చేయించుకున్న గ్రాఫిక్స్ కార్డులట ఇవి. కొత్తవి చేసేవాళ్ళు ఈ భూమ్మీద ఎక్కడైనా ఉన్నారో లేదో మాకు తెలియదు. ఒకటి నేను చూసుకునే బర్రె. మూడు ఫ్యాన్లు, వేడిని లాగేసే ఇటుకంత హీట్‌సింక్, చూడ్డానికి ఏ అందమూ ఉండదు. రెండోది వీరనారాయణ కోడె. వీరనారాయణ మా పెద్దమనిషి చెంచురామయ్య గారి అల్లుడు. నోటితో ఈ అల్లుణ్ణి కూడా గారు అంటాను, రాతలో అనను.

ఏ కార్డు గెలిస్తే అది వేసవంతా గాలి గదిలో కూర్చుంటుంది. గుంట పైన నిప్పుగాలి ఎప్పుడు లేస్తుందో లెక్కకట్టి చెప్తుంది. ఆ లెక్క చూసుకుని సైరన్ మోగిస్తే నీళ్ళ బండ్లు పైకెక్కి గుండ్లకమ్మ ఇసుకలో తవ్విన చెలమకు వెళ్తాయి. రెండు కార్డులూ కలిపి నడపడానికి మాకు కరెంటు చాలదు.

ఎద్దులు మా తాతల కాలంలోనే ఎండకు తాళలేక పోయాయి. ఇప్పుడు బండికి ఇద్దరు మనుషులు కాడి భుజాన వేసుకుని లాగుతారు. మా తమ్ముడు యల్లమంద వాళ్ళలో ఒకడు. ఎద్దులు పోయినా బండలాగుడు పోటీ మాత్రం పోలేదు, చూశారా! రాతిబండ బదులు పెద్ద లెక్క పెడతాం. కార్డు ఎంత లెక్క చేసిందో అడుగుల్లో చెప్తాం. గడువు పది నిమిషాలు. డప్పులూ ఉంటాయి, కార్డుకు పసుపు బొట్టూ ఉంటుంది, పక్కన నిలబడి హెయ్ హెయ్ అని అరిచేవాళ్ళూ ఉంటారు. ఆ అరుపులు కార్డుకు వినపడతాయని నమ్మేవాళ్ళు కూడా ఉన్నారు.

వీరనారాయణ కోడెను ఓవర్‌క్లాక్ చేసి తెచ్చాడు. వోల్టేజి పెంచి, వేగాన్ని రెండువేల నాలుగువందల మెగాహెర్ట్జ్‌కి ఎక్కించాడు. దాని నెత్తిన రాగి దిమ్మె, దిమ్మెలోంచి గొట్టాలు, గొట్టాల్లోకి కుండల వరస. రాత్రంతా ఊట దగ్గర పెట్టి చల్లార్చిన నీళ్ళవి. కోడె పది నిమిషాలూ యాభై అయిదు డిగ్రీలు దాటలేదు. నాలుగువేల వంద అడుగులు లాగింది. నా బర్రె ఒట్టి గాలితో, పదిహేనువందల వేగంతో, డెబ్భై నాలుగు డిగ్రీల దగ్గర నిలబడి రెండువేల తొమ్మిది వందలు లాగింది.

"ఆ కుండలు తీసేసి మిట్టమధ్యాహ్నం దాకా నడపమనండి. అప్పుడు చూద్దాం," అన్నాను.

చెంచురామయ్య గారు చెయ్యెత్తారు. "అమ్మాయ్, పది నిమిషాలంటే పది నిమిషాలే. మన తాతలు పెట్టిన గడువది. నువ్వు ఓడిపోయావని మారుస్తామా?"

"నేను ఓడిపోలేదండీ. మీకు కావల్సింది వేసవంతా పనిచేసే కార్డు. మీరు చూసింది పది నిమిషాలు పరిగెత్తే కార్డు."

"బర్రెను ఇంటికి తోలుకుపోయి పాలు పిండుకోమ్మా!" అని వీరనారాయణ అరిచాడు. గుంటంతా ఘొల్లుమంది. మా తమ్ముడు కూడా నవ్వాడు, వెధవ. తర్వాత వాడే వచ్చి బర్రెను గోనెలో చుట్టి మోసుకొచ్చాడు.

ఇంటికొచ్చాక పక్క సొరంగం పేరమ్మ అవ్వ ఒక మాట చెప్పింది. చిన్నప్పుడు ఎద్దుల్ని కళ్ళారా చూసిన మనిషి మా గుంటలో ఆమె ఒక్కతే. "మా నాయన పందెపు ఎడ్లని అరక్కి కట్టేవోడు కాదే. ఉలవలు పెట్టి, గుడ్లు తాగించి మేపేవోడు. దున్నేయి వేరే ఉండేయి. పందెం గెలిసిన ఎద్దుని ఎవడన్నా మడి దున్నను తోల్తాడా?"

"ఈ ముక్క అక్కడ అందరి ముందర చెప్పకపోయావా అవ్వా?"

"అడిగినోడేడీ?" అంది.

భరణి కార్తె, పోటీ మర్నాడు

కోడెను గాలి గదిలో పెట్టాం. కార్డు వేడి దిమ్మెకు ఎక్కడానికి పూసిన పాత పేస్టు గీకేసి, ఆముదంలో జింకు పొడి కలిపి కొత్తగా పూశాను. ఎవరి మీద కోపం ఉన్నా కార్డుకు చేయాల్సింది చేయక తప్పదు. నిజం చెప్పాలంటే కోడె మంచి కార్డు. పొద్దున్నే లెక్క పెడితే ఇరవై నిమిషాల్లో తేల్చేసింది. బర్రెకు అరగంట పడుతుంది. దాన్ని బతికించడానికి వీరనారాయణ పడ్డ కష్టం కూడా నాకు తెలుసు. నా కోపం కార్డు మీద కాదు.

గెలిచిన వేగానికి పసుపుతాడు కట్టడం ఆచారం. వోల్టేజీ వేగమూ తిప్పే బిరడాల చుట్టూ తాడు చుట్టి ముడేస్తారు. మృగశిర వచ్చేదాకా ఆ ముడి విప్పకూడదు. వేగం తగ్గిస్తే గెలిచిన ఇంటిని అవమానించినట్టు. వీరనారాయణే వచ్చి కట్టాడు.

"నీళ్ళు వేడెక్కుతాయి కదండీ, అప్పుడేం చేద్దామని?"

"గోనెపట్టాల మీద నుంచి జారిస్తే మళ్ళీ చల్లబడతాయి."

"సగం ఆవిరైపోతాయి."

"పోతే పొయ్యాయి. వేరేవి తెస్తారు."

ఎవరు తెస్తారో ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన పనిలేదు, ఆయన భుజాన ఏ కాడీ లేదు.

కృత్తిక కార్తె మొదట్లో

గుంట అడుగున ఊట సన్నగిల్లింది. కోడె రోజుకో పీపా తాగుతోంది. గొట్టాల్లోంచి తిరిగొచ్చిన నీళ్ళు రాగి కంపు కొడుతున్నాయి, మనుషులు తాగితే కడుపులో తిప్పుతుంది. అందుకని ఇన్నాళ్ళూ పొద్దున ఒక్క విడత వెళ్ళే బండ్లు ఇప్పుడు మధ్యాహ్నం ఇంకో విడత వెళ్తున్నాయి. మూడు బండ్లలో మా తమ్ముడిది కోడె బండి అయింది. ఆ పీపాకు పసుపు రాసి బొట్టు పెట్టారు. కోడె నీళ్ళు కనక ఎవరూ చెంబు ముంచకూడదు.

నేను మూర్ఖురాలినేమో, నాకొక్కటి అర్థం కావడం లేదు. ఎండలో మనుషులు మాడకుండా చూడటానికి కార్డు పెట్టుకున్నాం. ఆ కార్డు మాడకుండా చూడటానికి మనుషుల్ని ఎండలోకి తోలుతున్నాం. ఈ మాట పంచాయతీలో అంటే, "గోవిందమ్మకు ఇంకా కడుపుమంట తగ్గలేదు," అన్నారు. అవును, తగ్గలేదు.

పోయినేడు ఇదే కార్తెలో మధ్యాహ్నం బర్రె ఎనభై ఒక్క డిగ్రీలకు మించలేదు, వేగం పధ్నాలుగువందలకు తగ్గలేదు. కోడె నిన్న మధ్యాహ్నం తొంభై ఒకటి. ఆ వేడి దగ్గర కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, లేకపోతే మాడిపోతుంది కనుక. వెయ్యికి దిగింది. లెక్క తేలడానికి ముప్పావుగంట పట్టింది. పొద్దున జింకలా ఉరికినది మధ్యాహ్నానికి చతికిలపడింది. మధ్యాహ్నమే మాకు లెక్క కావల్సింది.

కృత్తిక కార్తె, నడిమిరోజుల్లో

ఈ రోజు నన్ను అందరి ముందర నిలబెట్టి కడిగేశారు.

కోడె పీపా వెలితిగా వచ్చింది. రెండు చెంబులు తక్కువ. వీరనారాయణ పుల్ల ముంచి కొలిచాడు. మనుషుల పీపాలు ఏ రోజూ కొలవలేదు, ఇది మాత్రం కొలిచాడు.

"గాలి గది నీ చేతిలో ఉంది. నీళ్ళు తగ్గితే జవాబు నువ్వే చెప్పాలి," అన్నారు చెంచురామయ్య గారు.

"బండి లాగేది నీ తమ్ముడు, కోడె చూసేది నువ్వు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్లేదు," అన్నాడు వీరనారాయణ.

దొంగ! సైరన్ ఒక్కసారి ఆలస్యం చేసి ఎరగను. వీళ్ళ అన్నదమ్ములూ కొడుకులూ నా లెక్క మీదే ఇన్నేళ్ళు పైకెళ్ళి దిగొచ్చారు. అందరూ నేల చూపులే చూశారు.

ఇంటికొచ్చి మా తమ్ముడి మీద పడ్డాను.

"కోడె నీళ్ళు నువ్వు తాగావా?"

"నేను తాగలేదక్కా. గాలెయ్య కళ్ళు తిరిగి పడ్డాడు. రెండు చెంబులు మొగాన పోశా. పొయ్యకపోతే ఆడే పోయేటట్టుండాడు." గాలెయ్య వాడితో జోడు లాగేవాడు.

"పోస్తే పోశావు, వచ్చి నాకు చెప్పొద్దూ? నలుగుర్లో నన్ను దొంగను చేశారు! నా మొహాన ఉమ్మినంత పని చేశారు!"

"ఇంత చిన్నదానికి అంత మాటంటారని నాకేం తెలుసక్కా."

"నీకేం తెలుసు! నువ్వు హాయిగా బండి లాక్కుని పోతావు. పడేది నేను!"

హాయిగా అన్నాను. వాడి భుజాన కాడి ఒరిసి తోలు లేచిపోయి ఉంది. అది చూస్తూనే అన్నాను. కోపమొస్తే నా నోటికి అడ్డూ అదుపూ ఉండదు.

వాడు భుజం మీదికి గుడ్డ లాక్కుని, "సర్లే అక్కా. ఇంకోసారి జరగదులే," అన్నాడు. పళ్ళెంలో సంగటి సగం వదిలేసి పడుకున్నాడు.

రోహిణి కార్తె, మొదటి రోజు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. పైన రోళ్ళు లేవు, నేలే పగులుతోంది. గుంట అంచు నుంచి పలకలు పెచ్చులూడి పడుతున్నాయి.

కోడె తొంభై ఆరు డిగ్రీలు. వేగం ఏడువందలు. లెక్క తేలేసరికి గంట పైన పట్టింది. పోయినేడు రోహిణిలో బర్రె ఎనభై అయిదు డిగ్రీలు, పదమూడువందల వేగం. ఇవి నేను గాల్లోంచి తీసి రాసినవి కావు, పోయినేటి దినచర్యలో ఉన్నాయి. చెంచురామయ్య గారి సంతకం కూడా ఉంది.

వీరనారాయణ దగ్గరికి వెళ్ళాను. కోపం దిగమింగుకునే వెళ్ళాను.

"తాడు విప్పుదామండీ. వోల్టేజి దించి, వేగం పదిహేనువందలకు పెడితే కోడె నిలకడగా నడుస్తుంది. ఇప్పుడున్న దానికంటే రెట్టింపు పని చేస్తుంది. నీళ్ళు కూడా సగం చాలు."

"తగ్గిస్తే పెరుగుతుందా? నవ్విపోతారమ్మా."

"కార్డుకు అంతేనండీ. మోయలేని బరువు పెడితే మోకాళ్ళ మీద పడిపోతుంది. మోయగలిగింది పెడితే రోజంతా నడుస్తుంది."

ఆయన కాసేపు కోడె వంక చూశాడు. అర్థమైందని ఆయన కళ్ళలో తెలిసింది. అర్థం కానివాడైతే నాకింత కోపం వచ్చేది కాదు.

"రెండువేల నాలుగువందలని గుంటంతా చూసింది. పదిహేనువందలంటే అది బర్రె వేగం. గెలిచి ఏం లాభం?" అన్నాడు. తర్వాత గొంతు పెంచి, "ఇంకో పీపా తెప్పిద్దాంలే. గట్టిగా నీళ్ళు పడితే అదే దారికొస్తుంది," అన్నాడు.

చెంచురామయ్య గారి దగ్గరికి పోతే, ఇంకెంత, మృగశిర దాకా ఓపిక పట్టమన్నారు. నీళ్ళ బండి లాగేవాళ్ళు కూడా నా వెంట రాలేదు. కోడె గెలిచినప్పుడు దాన్ని భుజాల మీద ఊరేగించింది వాళ్ళే మరి. యల్లమంద మాత్రం, "అక్కా, నువ్వు గొడవ పెట్టుకోమాక. రెండు పీపాలైనా తెస్తాలే," అన్నాడు.

రోహిణి కార్తె, మర్నాడు

ఇది రాయకపోతే రేపు ఇంకోలా చెప్తారు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దుటి లెక్క ప్రకారం నిప్పుగాలి పొద్దుగూకాక రావాలి. మొదటి విడత బండ్లు క్షేమంగా వచ్చాయి. మధ్యాహ్నం విడతకు కొత్త లెక్క తేలాలి. కోడె తొంభై ఏడు దగ్గర ఒగురుస్తూ ఉంది. వేగం ఆరువందలు. లెక్క సగం కూడా కాలేదు.

బండ్లవాళ్ళు కాళ్ళకు గోనెలు చుట్టుకుని వాలు దగ్గర నిలబడ్డారు. వీరనారాయణ గాలి గదిలోకి వచ్చాడు.

"సైరన్ ఎందుకు మోగించలేదు?"

"లెక్క తేలలేదండీ."

"పొద్దుటి లెక్కుందిగా. పొద్దుగూకాక అని చెప్పింది కదా."

"పొద్దుటిది పొద్దుటికే. రోహిణిలో గాలి మాట మీద నిలబడదు."

"నీళ్ళు రాకపోతే కోడె చల్లబడదు. చల్లబడకపోతే లెక్క తేలదు. నువ్వు లెక్క తేలితేగానీ పంపనంటావు. ఎట్టా?"

ఆయనే మీట నొక్కాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. చెయ్యి తోసేసి నొక్కాడు. బయల్దేరమనే పొడుగు మోత. బండ్లు కదిలాయి. నేను గడపలోకి పరిగెత్తి యల్లమందా అని అరిచాను. సైరన్ మోతలో వాడికి వినపడలేదు. వెనక్కి తిరిగి చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

వీరనారాయణ అటు పోగానే నేను పసుపుతాడు పళ్ళతో కొరికి తెంపాను. వోల్టేజి దించాను. వేగం పదిహేనువందలకు పెట్టాను. వేడి తొంభై ఏడు నుంచి తొంభై రెండు, ఎనభై ఎనిమిది, ఎనభై నాలుగు. అక్కడ ఆగింది. లెక్క గబగబా ముందుకు కదిలింది. ఇన్నాళ్ళూ నేను చెప్పింది నిజమేనని నా కళ్ళ ముందే తేలుతోంది. నాకు ఏడుపొచ్చింది. సంతోషానికి కాదు.

లెక్క తేలింది. నిప్పుగాలి పొద్దుగూకాక కాదు, ఇప్పుడే. బండ్లు తిరిగొచ్చేలోపే.

వెనక్కి రమ్మనే విరుపుల మోత మోగించాను. ఆపకుండా మోగించాను. వీరనారాయణ పరిగెత్తుకొచ్చాడు. తెర మీద గాలి లేచే వేళ ఎర్రగా మెరుస్తోంది. ఆయన దాని వంక చూడలేదు. ముందు బిరడాలు చూశాడు.

"తాడు తెంపావా?" అన్నాడు.

నేను చేతికందిన చెంబు విసిరాను. తగల్లేదు.

రెండు బండ్ల వాళ్ళు పీపాలు ఇసుకలో వదిలేసి పరిగెత్తుకొచ్చి గుంటలో పడ్డారు. వాళ్ళ వెనకే గాలి వచ్చింది. మూడో బండి రాలేదు.

గాలి తగ్గాక వెతకడానికి వెళ్ళినవాళ్ళతో నేనూ వెళ్ళాను. పాత రోడ్డు కింద తూములో గాలెయ్య దొరికాడు. ఒళ్ళంతా బొబ్బలు, ప్రాణముంది. అక్కడికి కొంచెం దూరంలో బండి ఉంది. బండి కింద మా తమ్ముడు ఉన్నాడు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, చక్రానికి చేరగిలబడి ఉన్నాడు. పెదాలు నల్లగా పగిలిపోయాయి. నెత్తి మీద బండి చెక్క అడ్డం, ఆ చెక్క మీద పీపా. పీపా నిండుగా ఉంది. మూత తీయలేదు. బొట్టు కూడా చెదరలేదు.

రోహిణి కార్తె, మూడో రోజు

ఇది రాస్తున్న వేళకు గాలి గదిలో బర్రె నడుస్తోంది. ఎనభై అయిదు డిగ్రీలు, పదమూడువందలు. దాన్ని నేనే పెట్టాను. ఎవరినీ అడగలేదు. ఎవరూ అడ్డం రాలేదు. ఎందుకు రాలేదో కింద రాస్తున్నాను.

పొద్దున్నే మా సొరంగం ముందు యల్లమందను పడుకోబెట్టాం. గుంటంతా వచ్చింది. బండినీ పీపానూ నిన్ననే లాక్కొచ్చి అక్కడే ఓ పక్కన నిలబెట్టారు. వీరనారాయణ రాత్రే తాడు మళ్ళీ కట్టించి, కోడెను దాని వేగానికి ఎక్కించాడట. నేను శవం దగ్గర ఉండగా చేసిన పని అది.

చెంచురామయ్య గారు తల వంచుకుని, "తలరాతమ్మా. ఎవరేం చేస్తారు?" అన్నారు.

"ఎవరేం చేశారో నేను చెప్తాను వినండి," అన్నాను. "మీ అల్లుడు మీట నొక్కాడు. మీరు పది నిమిషాల గడువు మార్చనన్నారు. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. తలరాత ఎక్కడుంది ఇందులో?"

వీరనారాయణ ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. "పక్కనే పీపా నిండా నీళ్ళున్నాయి గదా. మూత తీసి తాగొద్దని అతనికి ఎవరు చెప్పారు?" అన్నాడు.

అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న గాలెయ్య లేచాడు. బొబ్బల మీద ఆముదం పూసి ఉంది, నిలబడలేక పేరమ్మ అవ్వ భుజం పట్టుకున్నాడు.

"నేను చెప్పా. తాగమని చెప్పా," అన్నాడు. "సైరన్ ఇనపడంగానే పీపా ఒదిలేసి పోదాంరా అన్నా. ఆళ్ళు ఒదిలేసి పోతన్నారు గదరా అన్నా. రాలా. నాకు కాళ్ళు సచ్చుబడితే నన్ను తూములోకి నెట్టి ఆడు బండి కాడికి పోయాడు. మూత తీసుకోని ఒక్క చెంబు పోసుకోరా ఎల్లమందా అని అరిశా. మూత మీద చెయ్యేశాడు కూడా. మళ్ళీ తీసేశాడు."

"ఎందుకు?" అన్నాను. నాకు తెలుసు. అయినా అడిగాను.

గాలెయ్య నా మొహం చూడలేదు. "మళ్ళీ వెలితొస్తే మా అక్కను నలుగుర్లో దొంగంటార్రా అన్నాడు. ఇంకోసారి జరగదని అక్కకు మాటిచ్చా అన్నాడు."

నాకు అక్కడున్న వాళ్ళందరి మీదా కోపం వచ్చింది. మా తమ్ముడి మీదా వచ్చింది. ఒరేయ్, ఎవరో ఏదో అంటే ఏమైందిరా, నీ ప్రాణం కంటే నా పరువెక్కువా? ఈ మాట ఆ రోజు వాడి పళ్ళెం ముందు కూర్చుని అనాల్సింది. నేను అన్నది ఇంకోటి. నా మీద నాకొచ్చిన కోపానికి పేరు లేదు. అది ఎప్పటికీ పోదు, పోవాలని నేను అడగను కూడా.

అంతలో గాలి గది నుంచి బీప్ బీప్ మని మోత మొదలైంది. వేడి హద్దు దాటిపోతే కార్డు అరిచే అరుపు అది. వీరనారాయణ అటు చూశాడు, పీపా వంక చూశాడు.

"ముందు ఆ నీళ్ళు లోపలికి పట్టండి. కోడె ఆగిపోతే గుంటకు లెక్కుండదు," అన్నాడు. ఇద్దరు మనుషులు పీపా దగ్గరికి కదిలారు. అలవాటైన కాళ్ళు కదా, కదిలాయి.

నేను వెళ్ళి పీపాకు అడ్డంగా నిలబడ్డాను. మూతకు పెట్టిన బొట్టు అరచేత్తో తుడిచేశాను. మూత తీసి కింద పడేశాను.

మా గుంటలో చనిపోయినవాళ్ళకు స్నానం చేయించి ఏళ్ళయింది. నీళ్ళు లేక తడిగుడ్డతో తుడిచి పంపేస్తున్నాం. మా అమ్మను అలాగే పంపాం. చెంబు ముంచి తెచ్చి యల్లమంద తల మీద పోశాను. నీళ్ళు వాడి జుట్టులోని ఇసుకను కడుగుతూ మెడ మీదుగా దిగి, కాడి ఒరిసిన భుజాల మీదుగా నేలకు జారాయి.

"గోవిందమ్మా, అవి కోడె..." అని చెంచురామయ్య గారు మొదలుపెట్టారు.

పేరమ్మ అవ్వ తన చెంబు తెచ్చి పీపాలో ముంచింది. తెచ్చి వాడి పాదాల మీద పోసింది. తర్వాత గాలెయ్య వచ్చాడు. చెంబు ఎత్తలేక రెండు చేతులా దోసిలి పట్టి పోశాడు. పీపా మోయడానికి వచ్చిన ఇద్దరూ తలగుడ్డలు తీసి పక్కన నిలబడ్డారు.

"తొంభై తొమ్మిది దాటింది! ఎవరన్నా నీళ్ళు పట్టండయ్యా!" అని గాలి గది గడపలో నుంచి వీరనారాయణ అరుస్తున్నాడు. మోత ఇంకా ఇంకా గట్టిగా వస్తోంది. ఒక్కరు కూడా కదల్లేదు.

వాడి మొహం మీద పోశాను. పగిలిన పెదాల మీద పోశాను. చేత్తో రుద్ది కడిగాను, చిన్నప్పుడు కడిగినట్టే.

గాలి గదిలో మోత ఆగిపోయింది. కోడె రొద కూడా ఆగిపోయింది.

నేను ఇంకో చెంబు ముంచాను.